కర్నూలు పాతబస్తీ పుట్టింది రేవు వల్లా, కోట వల్లా?

కందనవోలు వాసి:
నిన్న కొండారెడ్డి బురుజు దగ్గర ఒక టీచరు పిల్లలకు “ఊరికి మూలం ఈ కోటే” అని చెప్తుంటే మనసు ఉండబట్టలేదు. మూలం రేవు. అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకునేవి. అందుకే కందనవోలు, అదే కర్నూలు అయింది.

బురుజు నీడ:
అన్నా, అది పెద్దలు చెప్పే కథ. కోట కట్టించింది 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయలు. చేత్తో తాకి చూడొచ్చు. కందెనకు ఏం ఆధారం?

కందనవోలు వాసి:
అలంపురం నవబ్రహ్మ ఆలయాలు 7-8 శతాబ్దాలవి, బాదామి చాళుక్యులవి. కోట కంటే ఎన్ని వందల ఏళ్లు ముందు? అయినా ఏరు దాటే చోటు కాకుంటే ఇక్కడ కోట ఎందుకు కడతారు?

బురుజు నీడ:
గుళ్లు పాతవైతే బండ్లు ఇక్కడ ఆగినట్టా? కందెనకు ఆధారం అడిగాను.

హంద్రీ గట్టు:
నవాబుల మాటే ఎవరూ ఎత్తరేం? 1839లో కంపెనీ వాళ్లు గులాం రసూల్ ఖాన్‌ను దించేదాకా ఊరు వాళ్లదే.

బురుజు నీడ:
రేవు రేవు అంటున్నావు. 2009 అక్టోబరులో ఆ ఏరే మా అంగట్లోకి వచ్చింది. నాయన ఖాతా పుస్తకాలు ఎండబెడితే ఇటుకల్లా గట్టిపడ్డాయి, ఒక్క పేజీ విడిపోలేదు. దాన్ని పొగడమంటావా?

కందనవోలు వాసి:
మా ఇల్లూ మునిగింది. మీరు కాలనీకి వెళ్లిపోయారు, మేం వెళ్లలేదు.

బురుజు నీడ:
ఓహో, వెళ్లినోళ్లు ఊరి గురించి మాట్లాడకూడదా? నాయన రెండు రాత్రులు మిద్దె మీద నీళ్లు చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ను మళ్లీ ఆ ఒడ్డున పెట్టలేక వెళ్లాం.

కందనవోలు వాసి:
ఆ మాట అన్నందుకు మన్నించు. కానీ నా బాధ కూడా విను. వరద పోయాక చుట్టాలందరూ “ఏటి పక్కన ఎవరు ఉండమన్నారు” అని మమ్మల్నే తప్పు పట్టారు. ఏటి కోసమే ఊరు ఇక్కడ పుట్టిందని ఒప్పుకుంటే ఆ మాట అనలేరు. అందుకే పట్టుబడుతున్నా.

బురుజు నీడ:
మీరు ఉన్నది తప్పని నేనెప్పుడూ అనలేదు. నాయన ఇప్పటికీ తెల్లారగానే బస్సెక్కి పాత అంగడి దగ్గరికే వస్తాడు.

కందనవోలు వాసి:
ఈసారి మా ఇంటికి తీసుకురా. నడవలో గోడ మీద నీటి గీత ఉంది, సున్నం కొట్టించినా పోలేదు. కందెన సంగతి మాత్రం నేను వదలను.