వీఐఏ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ స్క్రీనింగ్) పాజిటివ్ వచ్చిన ఆడవాళ్ళని పెద్దాసుపత్రి దాకా ఎలా పంపిస్తున్నారు?

పల్నాడు సీహెచ్‌ఓ:

నమస్తే అండి అందరికీ. నేను సబ్ సెంటర్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌ని (సీహెచ్‌ఓ). ఇక్కడ సబ్ సెంటర్లలో, పీహెచ్‌సీల్లో చేసేవాళ్ళు, గైనిక్ డాక్టర్లు ఉన్నారని అడుగుతున్నా. మేం 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ స్క్రీనింగ్ చేస్తాం, అదే వీఐఏ, అంటే పల్చటి ఎసిటిక్ యాసిడ్ రాసి ఒక నిమిషం ఆగి తెల్లగా మచ్చ తేలిందా అని చూడటం. స్క్రీనింగ్‌కి బానే వస్తున్నారు, మా ఆశాలు ఇంటింటికీ తిరిగి పిలుచుకొస్తారు. నా దిగులంతా పాజిటివ్ వచ్చినవాళ్ళ గురించే. రిఫరల్ స్లిప్ రాసిచ్చి ఏరియా ఆస్పత్రికి వెళ్ళి కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దగా చేసి చూసే పరీక్ష) చేయించుకోమ్మా అంటే అలాగే అని తలూపి వెళ్తారు, నెల తర్వాత కనుక్కుంటే వెళ్ళి ఉండరు.

ఒకామె "నాకు నొప్పి లేదు, తెల్లబట్ట లేదు, బానే పని చేసుకుంటన్నా, ఎందుకు తిరగాలి" అంది. ఇంకొకామె మిరపకాయ కోతలు అయ్యాక అంది, కోతలయ్యాక పిల్ల పెళ్ళి అంది. ఒకామెకి ఫోన్ చేస్తే ఎప్పుడూ వాళ్ళాయనే ఎత్తుతాడు, ఆయనకి ఏం చెప్పాలో తెలీట్లేదు. అన్నిటికన్నా భయమేసింది ఏంటంటే ఒకామె ఊళ్ళో ఆర్‌ఎంపీకి స్లిప్ చూపిస్తే గర్భసంచి తీయించేసుకో గొడవ వదిలిపోద్ది అని టౌన్లో ఒక నర్సింగ్ హోంకి పంపించాడంట, ఈమె డబ్బుల కోసం అప్పు వెతుక్కుంటుంటే ఆశా వచ్చి చెప్పింది, వెంటనే వెళ్ళి ఆపాను. మీ దగ్గర ఏం చెప్తే వెళ్తున్నారు, ఎవరు తీసుకెళ్తున్నారు?

గైనిక్ డాక్టర్, జిల్లా ఆస్పత్రి:

ఆమెని ఆపి చాలా మంచి పని చేశారమ్మా. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, చూడకుండా గర్భసంచి తీసేస్తే, ఒకవేళ లోపల నిజంగానే క్యాన్సర్ మొదలై ఉంటే ఆ మామూలు ఆపరేషన్ సరిపోదు, తర్వాత చేసే వైద్యం కూడా చిక్కుపడిపోతుంది. క్యాన్సర్ లేకపోతే అనవసరంగా గర్భసంచి పోయినట్టే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు, మన రెండు రాష్ట్రాల్లోనేమో ఎనిమిది దాటారు. అందుకే మన దగ్గర పాజిటివ్ అనగానే ఇంట్లో అందరికీ ఆపరేషనే గుర్తొస్తుంది, వెళ్తే కోసేస్తారు అని ఆగిపోయేవాళ్ళు కొందరు, తీయించేసుకుందాం అని పరిగెత్తేవాళ్ళు కొందరు.

కాబట్టి స్లిప్ ఇచ్చేముందు ఆమెని కూర్చోబెట్టి చెప్పాల్సిన మొదటి మాట "ఇది క్యాన్సర్ అని కాదు, గర్భసంచి తీసే పని కూడా ఇప్పుడు లేదు". తెల్లమచ్చ ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా కనపడుతుంది, అది ఏంటో మేం కాల్పోస్కోప్‌లో పెద్దగా చేసి చూస్తాం, అనుమానం ఉంటే చిన్న ముక్క తీస్తాం, చిటుక్కుమని గిల్లినట్టుంటుంది. ముందు దశ మార్పు అయితే చాలామందికి వేడి ప్రోబ్ పెట్టి అక్కడికక్కడే కాల్చేయచ్చు, నిమిషాల పని, అదే రోజు ఇంటికెళ్తారు. ఈ మార్పు క్యాన్సర్ అవ్వడానికి మామూలుగా పది పదిహేనేళ్ళు పడుతుంది, నొప్పి లేనప్పుడే వెళ్ళమనేది అందుకే అని చెప్పండి, నొప్పి వచ్చేదాకా ఉంటే అప్పుడు మా చేతుల్లో ఉండే వైద్యం వేరే. ఇంకోటి, ఆమె నెలసరి ఎప్పుడో అడిగి ఆ రోజులు తప్పించి డేట్ ఇవ్వండి. ముట్టులో వచ్చి తిరిగి వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ రావడం చాలా కష్టం.

వరంగల్ వైపు ఏఎన్ఎం:

మేడం చెప్పింది కరెక్టే కానీ ఎంత మంచిగ చెప్పినా ఒక్కదాన్నే పొమ్మంటే పోరక్కా. పెద్ద దవాఖానల ఓపీ చీటీ ఎక్కడ రాపియ్యాలె, ఏ రూముకు పోవాలె, ఎవల్ని అడగాలె తెల్వదు, పొద్దంతా నిలబడి ఆఖరికి డాక్టర్ లేదు రేపు రా అంటే ఆ రోజు కూలి పాయె. మేం ఏం చేస్తమంటే స్లిప్ రాసిన దగ్గర్నే దవాఖాన నర్సుకు ఫోన్ జేసి డేట్ తీస్కుంటం, ఆమె ముంగటనే. డేట్ లేకుండ స్లిప్ చేతుల పెట్టి పంపం. చుట్టుపక్కల ఊర్లల్ల పాజిటివ్ వచ్చినోళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకటే దినం పెడ్తం, ఆశా ఎంబడి పోతది. 2023 డిసెంబర్ కాన్నుంచి మాకు ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా, చార్జీల బాధ పోయింది, మీకు కూడా 2025 ఆగస్టుల వచ్చింది కదా, ఆధార్ కార్డు మర్చిపోవద్దని ముందు దినం యాది చెయ్యుండ్రి.

కూలి సంగతి కూడ ఆలోచించాలె. మిర్చి ఏరేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఒక మనిషి రాకుంటే గుంపు మేస్త్రి ఊకోడు. అందుకే వాన పడి పని బందయిన దినాలు, ఊర్ల పండుగ తెల్లారి, అట్ల చూస్కొని డేట్ అడుగుతం. ఫోన్ సంగతికొస్తే స్క్రీనింగ్ రోజే అడిగి రాస్కోవాలక్కా, ఏ నంబర్‌కు చెయ్యాలె, ఎవలు ఎత్తితే ఏం చెప్పాలె అని. మొగుడు ఎత్తితే "సబ్ సెంటర్‌కు ఒకసారి రమ్మనుండ్రి" గంతే, రిజల్టు మాట ఎత్తం. కొందరు అక్కచెల్లెండ్ల నంబర్ ఇస్తరు, అది ఇంకా మంచిది.

గుంటూరు నుంచి ఒక పేషెంట్:

నేను డాక్టర్ని కాదు, నాకు పాజిటివ్ వచ్చింది, ట్రీట్‌మెంట్ అయింది, అందుకే రాస్తున్నా. మీరెవరూ అనని మాట ఒకటుంది, సిగ్గు. నాకు రిజల్ట్ రాగానే ఫోన్లో చదివితే ఈ మార్పు తెచ్చేది ఆడా మగా కలవడం వల్ల అంటుకునే హెచ్‌పీవీ అనే వైరస్ అని ఉంది, ఇక మా ఆయనకి ఎలా చెప్పాలి, మా అత్తగారు వింటే ఏమంటారు, నా మీదే అనుమానం వస్తదా లేకపోతే ఆయన్ని నేను అనుమానించాలా అని అదే ఆలోచన, ఆస్పత్రి గురించి కాదు. కౌన్సెలింగ్ చేసిన సిస్టర్ చెప్పిన ఒక్క మాటతో నా గుండె కుదుటపడింది, ఈ హెచ్‌పీవీ పెళ్ళైన వాళ్ళలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే, ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది, ఏళ్ళ తరబడి తెలియకుండా కూడా ఉండచ్చు, కాబట్టి ఇప్పుడు ఎవరు ఎవరికిచ్చారు అని వెతికే పని లేదు అని. దయచేసి ఈ మాట అడక్కుండానే చెప్పండి, మేము నోరు తెరిచి అడగలేం.

ఇంకా చూసేది లేడీ డాక్టరేనా అని కూడా ముందే చెప్పండి. ట్రీట్‌మెంట్ తర్వాత నెల రోజులు భర్తకి దూరంగా ఉండాలన్నారు, నీళ్ళలా డిశ్చార్జి కూడా కొన్ని వారాలు అవుతుంది. మా ఆయనకి డాక్టర్ గారే పిలిచి చెప్పారు కాబట్టి ఇబ్బంది లేకపోయింది, నేను చెప్తే నమ్మేవారో లేదో. మా పక్కింటావిడ ఈ ఒక్క కారణానికే వాయిదా వేస్తూ ఉంది.

పల్నాడు సీహెచ్‌ఓ:

చాలా థాంక్స్ అండి అందరికీ. అమ్మా మీరు రాసింది చదివాక అర్థమైంది, మా దగ్గర తలూపి వెళ్ళిపోయేవాళ్ళ మనసులో ఇదే ఉండి ఉంటుంది, రేపట్నుంచి హెచ్‌పీవీ మాట నేనే ఎత్తుతా. డాక్టర్ గారూ ఇంకొక్కటి. పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఒకామె హెచ్‌ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులు వాడుతోంది, భర్త చనిపోయాడు, నలుగురితో కలిసి బస్సులో పంపిస్తే ఆమె సంగతి బయటపడుతుందని భయం. ఈమెని ఎలా పంపను?

గైనిక్ డాక్టర్, జిల్లా ఆస్పత్రి:

ఆమెని లిస్టులో అందరికన్నా ముందు పెట్టండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఈ మార్పు చాలా తొందరగా ముదురుతుంది, వైద్యం లేకపోతే ఐదు పదేళ్ళలోనే క్యాన్సర్ అవ్వచ్చు. అందుకే వాళ్ళకి 25 ఏళ్ళ నుంచే, మూడేళ్ళకో ఐదేళ్ళకో స్క్రీనింగ్ చేయమంటారు. గుంపుతో వద్దు, మందుల కోసం ఏఆర్‌టీ సెంటర్‌కి ఎలాగూ వస్తుంది కదా, అదే రోజుకి గైనిక్ ఓపీ కలపండి, అక్కడి కౌన్సెలర్‌తో మాట్లాడితే ఆవిడే దగ్గరుండి తీసుకొస్తారు, ఊళ్ళో ఎవరికీ కొత్తగా ఏం చెప్పక్కర్లేదు.

ఇంకా అందరి విషయంలో ఒకటి. బయాప్సీ తీస్తే రిపోర్ట్ రావడానికి వారం పది రోజులు పడుతుంది, పరీక్ష అయిపోయిందిలే అనుకుని ఆ రిపోర్ట్‌కి రానివాళ్ళు చాలామంది. స్లిప్ మీద మీ నంబర్ రాసి పంపండి, రిపోర్ట్ రాగానే మా స్టాఫ్ మీకు ఫోన్ చేస్తారు, మీరు ఇంటికెళ్ళి చెప్పండి. ట్రీట్‌మెంట్ అయినవాళ్ళ పేర్లు కూడా రిజిస్టర్‌లో కొట్టేయకండి, ఏడాదికి మళ్ళీ చూడాలి, ఆ తేదీ ఇప్పుడే పక్కన రాసి పెట్టుకోండి.