పాతబడే ట్రాన్సిస్టర్‌కి సగటు లెక్క సరిపోతుందా?

అమలాపురం వీఎల్‌ఎస్‌ఐ: ఎస్‌రామ్ సెల్ (చిప్‌లో ఒక బిట్ దాచే మెమరీ గది) పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ప్రాజెక్టులో సిమ్యులేట్ చేస్తున్నామండి. ఎన్‌బీటీఐ (గేట్ మీద నెగటివ్ వోల్టేజి, వేడి వల్ల ట్రాన్సిస్టర్ పాతబడటం) వల్ల పీమాస్ ట్రాన్సిస్టర్ థ్రెషోల్డ్ (అది ఆన్ అయ్యే వోల్టేజి) సగటున ఎంత మారుతుందో ఒక కర్వ్ తీసుకుని, పైన కాస్త మార్జిన్ వేస్తే చాలంటున్నారు మా గైడ్ గారు. ఒక్కో ట్రాన్సిస్టర్ ఒక్కోలా పాడవుతుంది కదా, ఆ తేడాని కూడా మోడల్ చేయాలంటారా?

భీమవరం బోర్డు రిపేర్: అక్కర్లేదు తమ్ముడూ. చెరువుల దగ్గర ఏరియేటర్ల డ్రైవ్ బోర్డులు రోజూ విప్పుతుంటాను. వాటిలో మాస్‌ఫెట్‌లు పోయేది వేడికి, కరెంటు పోయి వచ్చినప్పుడు కొట్టే సర్జ్‌కి. మార్జిన్ గట్టిగా వేసుకుంటే చాలు, ఈ స్టాటిస్టిక్స్ పేపర్లు రాసుకోడానికే.

యానాం డివైస్: అన్నా, మీ బోర్డుల వరకు మీరు చెప్పింది నిజమే. కానీ పవర్ మాస్‌ఫెట్ చాలా పెద్దది, అందులో ట్రాప్‌లు (ఛార్జిని పట్టి ఉంచే లోపాలు) లెక్కలేనన్ని, కాబట్టి సగటు నిలబడుతుంది. తమ్ముడి ఎస్‌రామ్ ట్రాన్సిస్టర్‌లో ఛార్జి పట్టేవి ఏ పదో ఉంటాయి. స్ట్రెస్ తీసేశాక దాని రికవరీ కొలిస్తే నున్నటి గీత రాదు, మెట్లు మెట్లుగా దిగుతుంది, ఒక్కో మెట్టు ఒక్క ట్రాప్ ఛార్జి వదిలేయడం. చెరువు సగటు కౌంట్ కిలోకి 50 అంటే ప్రతి రొయ్యా 20 గ్రాములుంటుందని కాదు కదా!

2010లో బెల్జియంలోని ఐమెక్‌లో కాచర్ బృందం చూపించింది ఇదే. ట్రాప్‌ల సంఖ్య పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్‌లో, మెట్టు ఎత్తు ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉంటాయి. ఒక మెట్టు సగటు ఎత్తుని ఈటా అంటే, వేరియన్స్ = 2 × ఈటా × సగటు మార్పు. ఈటా 3 మిల్లీవోల్టులు, సగటు మార్పు 30 అనుకో, సిగ్మా (వేరియన్స్ వర్గమూలం) 13.4 వస్తుంది. అదే వంద రెట్లు పెద్ద ట్రాన్సిస్టర్‌లో ఈటా వందో వంతు, సిగ్మా 1.34 మాత్రమే.

ఇప్పుడు 1 మెగాబైట్ ఎస్‌రామ్ తీసుకో, సెల్‌లోని ఆరు ట్రాన్సిస్టర్లలో పీమాస్‌లు రెండు, ఆ లెక్కన మొత్తం దాదాపు 1.7 కోట్ల పీమాస్‌లు. అన్నీ ఒకేలా స్ట్రెస్ అయ్యాయనుకుని సగటుకి 5 సిగ్మాలు, అంటే 97 మిల్లీవోల్టులు దాటేవెన్నో చూడు. గాసియన్ (గంట ఆకారపు కర్వ్) అనుకుంటే ఐదు లోపే. పైన చెప్పిన డిస్ట్రిబ్యూషన్‌తో వేస్తే వేలల్లో తేలతాయి. మీ గైడ్ గారి మార్జిన్ ఆ తోకని, అంటే సగటుకి బాగా దూరంగా పడే ఆ ట్రాన్సిస్టర్లని, చూడకుండా వేసింది.

భీమవరం బోర్డు రిపేర్: సరే, తోక ఉందే అనుకుందాం. అది కొలవాలంటే లక్షల ట్రాన్సిస్టర్లు కావాలి, కాలేజీ ల్యాబ్‌లో ఎక్కడివి?

యానాం డివైస్: తోక దాకా కొలవక్కర్లేదన్నా, అదే ఈ మోడల్‌లో గొప్ప. కొన్ని వందల డివైస్‌ల మీద సగటు, వేరియన్స్ తీసుకుని, వేరియన్స్‌ని సగటుకి రెట్టింపుతో భాగిస్తే ఈటా వచ్చేస్తుంది, తోక దాన్నుంచి లెక్క కట్టొచ్చు. మీటర్ నాయిస్ మాత్రం ముందే తీసేయాలి, లేకపోతే ఈటా ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకోటి తమ్ముడూ, స్ట్రెస్ ఆపిన మైక్రోసెకన్లలోనే రికవరీ మొదలైపోతుంది. తాపీగా కొలిస్తే సగం కథ అప్పటికే పోయుంటుంది, కాబట్టి ఎంత ఆలస్యంగా కొలిచావో ప్రతి రీడింగ్ పక్కనా రాయి.

అమలాపురం వీఎల్‌ఎస్‌ఐ: గైడ్ గారికి రెండు లెక్కలూ ఒకే గ్రాఫ్‌లో గీసి చూపిస్తానండి. మాకున్నది పాత డేటా, అందులో ఆ ఆలస్యం ఎక్కడా రాసి లేదు. దాన్నుంచి ఈటా తీయొచ్చా?

యానాం డివైస్: అన్నీ ఒకే సెటప్‌లో, ఒకే వరసలో కొలిచి ఉంటే ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది. పదేళ్లకి ఎక్స్‌ట్రాపొలేట్ చేయడానికి, అంటే గీతని ముందుకి సాగదీసి అంచనా వేయడానికి మాత్రం వాడకు.