తరగతిలో అల్లరి తగ్గాలంటే ఉపాధ్యాయుని ఆత్మపరిశీలన చాలుతుందా?

పుత్తూరు గణిత ఉపాధ్యాయిని:
ఎనిమిదో తరగతి అల్లరి మీద మా ఉన్నత పాఠశాలలో ఇటీవల పెద్ద చర్చే జరిగింది. బెత్తం పోయాక పిల్లల్లో భయం పోయిందని కొందరన్నారు. పాఠం చెప్పే తీరును మనమే రోజూ పరిశీలించుకుంటే చాలావరకు అల్లరి తగ్గుతుందని మరికొందరు వాదించారు. నాది రెండో పక్షం.

ప్రతి పీరియడ్ తర్వాత, గోల ఏ సమయంలో, ఏ వరుసలో మొదలైందో, అప్పుడు నేను ఏం చేస్తున్నానో రెండు మూడు వాక్యాల్లో రాసుకుంటున్నాను. భోజనం తర్వాతి పీరియడ్‌లో పిల్లలు మాట వినరని అందరమూ అనుకుంటాం. నా పుస్తకంలో తేలింది మాత్రం వేరు. నేను బోర్డు మీద లెక్క పూర్తి చేసేలోపే దాన్ని ముగించేసిన నలుగురైదుగురు కిటికీ పక్కన కబుర్లు మొదలుపెడుతున్నారు, అది వెనక బెంచీలకు పాకుతోంది. ఇప్పుడు వాళ్లకు అదే లెక్కను ఇంకో పద్ధతిలో చేసి పక్కవారికి వివరించే పని అప్పగిస్తున్నాను. ఆ వరుస సద్దుమణిగింది. కేకలేస్తే ఆ పూటకు మాత్రమే ఊరుకునేవారు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

పలమనేరు మాస్టారు:
మేడమ్ గారికి నమస్కారం. మీ శ్రమ మీద గౌరవం ఉంది, అయినా విభేదిస్తున్నాను. బెత్తం తిరిగి రావాలని నేను అనడం లేదు. అల్లరికి మూలం ప్రతిసారీ పాఠంలోనే ఉందనుకుంటే తప్పంతా ఉపాధ్యాయుని నెత్తినే పడుతుందన్నది నా అభ్యంతరం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. యాభై మంది ఒకే గదిలో కూర్చుంటే ఎవరి పుస్తకం చూడాలి, ఎవరి ముఖం చూడాలి? మా వైపు పూలకోతల కాలంలో తెల్లవారకముందే తోటకు వెళ్లి, వేళ్లకు బంతిపూల పసరుతోనే బడికొచ్చే పిల్లలున్నారు. అలాంటివాడు రెండో పీరియడ్‌కే తల వాల్చేస్తాడు, లేపితే కసురుకుంటాడు. నేనెన్ని పేజీలు రాసుకుంటే వాడి నిద్ర తీరుతుంది?

ఇంకొక సంగతి. మా పాఠ్య ప్రణాళికలో స్వీయ సమీక్షకు గడి ఇప్పటికే ఉంది. తనిఖీకి వచ్చినవారు చూస్తారు కనుక, అందులో పిల్లలు చురుకుగా పాల్గొన్నారన్న మాట తప్ప మరొకటి కనబడదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే అది మన మీదికే వస్తుందని అందరికీ తెలుసు.

చంద్రగిరి నుంచి ఒక తల్లి:
ఒక్కరు మాట్లాడినందుకు తరగతి మొత్తాన్ని నిలబెడుతున్నారని మా అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. టీచరు గారు రాసుకునేటప్పుడు నోరు మెదపని పిల్లల సంగతి కూడా రాసుకోవాలని నా మనవి.

తిరుపతి బి.ఇడి. అధ్యాపకుడు:
మాస్టారు గారు చెప్పిన తనిఖీ సమస్య నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ఆత్మపరిశీలన అంటే తప్పు ఒప్పుకోలు కాదు. 1983లో అమెరికా తాత్వికుడు డొనాల్డ్ షోన్ దీన్ని రెండుగా చూపాడు: పని జరుగుతుండగానే ఆలోచించి తీరు మార్చుకోవడం ఒకటి, పని ముగిశాక వెనక్కి తిరిగి చూసుకోవడం మరొకటి. అంతకుముందే అమెరికా విద్యా మనస్తత్వవేత్త జేకబ్ కౌనిన్ తరగతి గదులను వీడియో తీసి పరిశీలించి, 1970లో తన ఫలితాలు ప్రకటించాడు. క్రమశిక్షణ ఉన్న తరగతికీ లేని తరగతికీ తేడా మందలించే పద్ధతిలో పెద్దగా కనిపించలేదు. గది మొత్తం మీద ఉపాధ్యాయుని చూపు ఉండడం, పాఠం మధ్యలో తెగకుండా సాగడం, పిల్లల చేతిలో ఎప్పుడూ ఏదో పని ఉండడం, తేడా వీటిలో కనిపించింది. పుత్తూరు మేడమ్ గారి కిటికీ వరుస సరిగ్గా ఇదే.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించిందని మనలో చాలామందికి గుర్తుండదు. ఆ తల్లి గారు చెప్పిన సంగతిని ఆ వెలుగులో చూడాలి.

పుత్తూరు గణిత ఉపాధ్యాయిని:
మాస్టారూ, ఆ పిల్లవాడి వేళ్లకున్న పసరు మీ కంట పడింది కదా, నేను చెబుతున్న పరిశీలన అదే. వాడి నిద్రకు మందు నా పుస్తకంలో లేదు, నిజమే. కానీ వాడిది పొగరు కాదని తెలిశాక లేపే తీరు మారుతుంది, తల్లిదండ్రులతో మాట్లాడే మాట మారుతుంది. కోతల రోజుల్లో వాడికి కష్టమైన పాఠం మొదటి పీరియడ్‌లో పడేలా హెడ్మాస్టరు గారిని అడగవచ్చు. తరగతిలో యాభై మంది ఉండడం ప్రభుత్వం తీర్చవలసిన సమస్య, దాని కోసం మీతో కలిసి అర్జీ మీద సంతకం పెడతాను.

పలమనేరు మాస్టారు:
టైంటేబుల్ ఆలోచన బాగుంది, సోమవారం మా హెడ్మాస్టరు గారి ముందు పెడతాను. ఆ సొంత పుస్తకాన్ని ఏ అధికారీ చూపించమని అడగకూడదు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఇష్టమున్నవారే దాని గురించి మాట్లాడాలి. ఈ రెండు షరతులకూ ఒప్పుకుంటే నేనూ రాస్తాను. యాభై మంది విషయంలో మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. అర్జీ ముసాయిదా ఎవరు రాస్తారో చెప్పండి.