అప్‌డేట్: మోడల్ ఇంజన్ తిరిగింది!

మొదటి మోడల్ ఇంజన్ పెట్రోల్‌ది చేయాలా, ఆవిరిదా అని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పినట్టే, సిలిండరే అటూ ఇటూ ఊగే చిన్న ఆవిరి ఇంజన్ మొదలుపెట్టాను. వాల్వులూ, క్యామ్‌షాఫ్టూ, స్పార్క్ గొడవా ఏవీ లేవు. ఊగేటప్పుడు సిలిండర్ రంధ్రం ఒకవైపు ఆవిరి (నాకు ఇప్పటికి గాలి) వచ్చే దారికి, రెండోవైపు బయటికి పోయే దారికి ఎదురుగా వస్తుంది, అంతే.

బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 10 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ ఒక కొస నుంచి ఇంకో కొసకి కదిలే దూరం) 16. అంటే పిస్టన్ కడ్డీ తగిలించే క్రాంక్ పిన్, షాఫ్ట్ మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. అసలు డిజైనంతా ఆ రంధ్రాల మధ్య దూరంలోనే ఉంది. పిస్టన్ పైకొసకో కిందికొసకో చేరినప్పుడు రెండు దారులూ మూసుకోవాలి, లేదంటే వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతుంది. అందుకే లేత్ ముట్టుకునే ముందు అట్టముక్కలు కత్తిరించి, గుండుసూదులు గుచ్చి ఊపి చూశాను. లెక్కలకన్నా ఇదే నయం.

ఇప్పటికి కంప్రెసర్ గాలితోనే తిప్పుతున్నాను. ఫ్లైవీల్‌ని (షాఫ్ట్‌కున్న బరువైన చక్రాన్ని) మొదట చేత్తో తిప్పాలి, ఒకవైపే తోసే ఇంజన్‌కి అది మామూలే. సిలిండర్‌ని రంధ్రాలున్న పలకకి అదిమి పట్టే స్ప్రింగ్ బిగిస్తే బరువుగా తిరుగుతోంది, వదులు చేస్తే సిలిండర్ లేచి గాలి లీకవుతోంది. ఆనే రెండు ముఖాలనీ గాజు పలక మీద పరిచిన సన్న ఎమరీ కాగితంతో రుద్దాక లీకు చాలావరకు తగ్గింది. బాయిలర్ జోలికి ఇప్పుడే పోను, అది వేరే టెన్షన్.