హైతీ కట్టిన స్వేచ్ఛ వెలను ఫ్రాన్స్ తిరిగి ఇవ్వాలా?

తీరుబడి: 2025 ఏప్రిల్ 17న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, ఒకప్పటి తమ వలస, కరీబియన్ దేశం హైతీతో తమ గతాన్ని పరిశీలించడానికి రెండు దేశాల చరిత్రకారులతో ఒక సంఘం వేస్తామన్నారు. డబ్బు తిరిగి ఇస్తామన్న మాట మాత్రం అందులో లేదు. సరిగ్గా 200 ఏళ్ల కిందట అదే తేదీన పదో చార్లెస్ రాజు ఉత్తర్వు వెలువడింది: స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే హైతీ 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించాలి. ఆ సొమ్ము తిరిగి ఇవ్వాల్సిందేనని నా వాదన. కాదనేవారు ముందుకు రండి.

గట్టుమీది మనిషి: కాదంటాను. రెండు శతాబ్దాల నాటి లెక్కలు తిరగదోడితే ఎక్కడ ఆగుతాం? 1871లో ఫ్రాన్సే జర్మనీకి 500 కోట్ల ఫ్రాంకులు కట్టింది. పైగా హైతీ అధ్యక్షుడు బోయే తానే సంతకం పెట్టాడు.

తీరుబడి: పోలిక బెడిసికొట్టింది గట్టుమీది వారూ. 1871లో కట్టింది ఓడినవాడు. హైతీలో కట్టింది గెలిచినవాడు! 1789లో పారిస్‌లో మనిషి హక్కుల ప్రకటన వెలువడినప్పుడు ఫ్రెంచి వలసగా ఉన్న హైతీ చెరకు, కాఫీ తోటల్లో దాదాపు 5 లక్షల మంది బానిసలున్నారు. ప్రకటన వారి దాకా రాలేదు. 1791లో వారే తిరగబడ్డారు, 1803 నవంబరులో వెర్తియేర్ దగ్గర నెపోలియన్ సేనను ఓడించారు, 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు.

ఇక బోయే సంతకం సంగతి. 1825 జులైలో ఆ ఉత్తర్వు యుద్ధనౌకల మీద వచ్చింది. రేవులో ఫిరంగులు నిలబెట్టి పెట్టించుకున్నదాన్ని అంగీకారం అంటారా?

అసలు మాట ఇది: ఆ సొమ్ము ఫ్రెంచి తోటల యజమానుల నష్టానికి. నష్టం జాబితాలో భూములు, మిల్లులతోపాటు బానిసల ఖరీదు కూడా ఉంది. అంటే కట్టినవారు తమ ఒంటికి తామే వెల చెల్లించారు. మొదటి వాయిదాకు ఫ్రెంచి బ్యాంకర్ల దగ్గరే 3 కోట్ల ఫ్రాంకుల అప్పు తీసుకున్నారు. చేతికొచ్చింది 2.4 కోట్లే, వడ్డీ మాత్రం 3 కోట్ల మీద. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు కానీ, దానివల్ల పుట్టిన అప్పులు 1947 దాకా వెంటాడాయి.

నల్లరేగడి: బాకీ న్యాయమైనదే. కానీ హైతీ పాలకుల పాత్ర మరచిపోకండి. వాయిదాలు కట్టడానికి పంట కావాలి కనుక బోయే 1826లో గ్రామీణ చట్టం తెచ్చి రైతుకూలీలను తోటలకు కట్టిపడేశాడు. పల్లె విడిచి వెళ్లడానికి కూడా అనుమతి కావాలి! ఒక విముక్త దేశం తన ప్రజలనే మళ్లీ బిగించింది. ఆ రైతుల వారసులకు అందని పరిహారం ఎందుకు?

గట్టుమీది మనిషి: నా సందేహమూ అదే. 2021లో అధ్యక్షుడు మొయీజ్ హత్యకు గురయ్యాడు, రాజధానిలో చాలా భాగం సాయుధ ముఠాల చేతిలో ఉంది. డబ్బు ఎవరి చేతిలో పెడతారు? నాటి నేరానికి ఈనాటి ఫ్రెంచి ఉద్యోగి పన్ను ఎందుకు కట్టాలి?

తీరుబడి: రెండో ప్రశ్నకు బ్రిటన్ జవాబిస్తుంది. 1833 చట్టం ప్రకారం బానిసల యజమానులకు 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు. అందుకు చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. బానిసల వారసులైన బ్రిటిష్ పౌరుల పన్నులు కూడా అందులో కలిశాయి. యజమానులకు చెల్లించేటప్పుడు పాతబడని లెక్క బాధితుల వంతు వచ్చేసరికి పాతబడిందా?

మొదటి ప్రశ్న గట్టిదే. అయితే అది ఎలా ఇవ్వాలన్న ప్రశ్న, ఇవ్వాలా వద్దా అన్నది కాదు. 2003లో హైతీ అధ్యక్షుడు అరిస్తీద్ ఫ్రాన్స్‌ను 2,100 కోట్ల డాలర్లకు పైగా అడిగారు, మరుసటి ఏడాదే పదవి పోయింది. ఆ అంకె మీద కావలసినంత తగాదా పడవచ్చు.

నల్లరేగడి: అంకెకన్నా ముందు ఖాతా తేలాలి. ప్రభుత్వ ఖజానాకు కాకుండా బడులకు, నీటి పథకాలకు నేరుగా వెళ్లే నిధి అయితే నా ఓటు మీకే. ఆ నిధిలో హైతీ రైతు సంఘాలకు చోటుంటుందా, చెప్పండి.