హేచరీ మీద డాక్యుమెంటరీ: తాబేలును బెదరగొట్టకుండా రాత్రిపూట ఎలా తీయాలి?

నల్లరేగడి (ప్రశ్న)
అందరికీ నమస్కారం. బాపట్ల వైపు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు పొదిగించే హేచరీ, అక్కడ రాత్రిళ్లు గస్తీ తిరిగే మత్స్యకార కుర్రాళ్ల మీద 20 నిమిషాల డాక్యుమెంటరీ అనుకుంటున్నాం. మనుషులం ఇద్దరం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 35 ఎంఎం ఎఫ్1.4 లెన్సు, ఒక షాట్‌గన్ మైకు ఉన్నాయి. తెల్ల లైటు కూడదని తెలుసు, మరి ఏది వాడాలి? అనుమతి ఎవరిస్తారు? తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే సీను పగటి వెలుతురులో పెట్టించుకోవచ్చా?

ఉప్పుగాలి
తాబేలు కంటికి నీలం, ఆకుపచ్చ బాగా ఆనతాయి, ఎరుపు అంతగా ఆనదు. అసలు కనపడదని మాత్రం అనుకోవద్దు. టార్చికి ఎర్ర కాగితం చుడితే అంచుల్లోంచి తెలుపు కారుతుంది. అచ్చంగా ఎర్ర ఎల్‌ఈడీ ఉన్న హెడ్‌ల్యాంపు తీసుకుని, బాగా తగ్గించి, వెనక నుంచి ఇసుక మీదికి కొట్టండి. కెమెరాకు దీనితో ఒక చిక్కుంది. సెన్సరులో ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే ఎరుపును చదువుతుంది, అందుకే బొమ్మ మెత్తగా, గరుకు చుక్కలతో వస్తుంది. ఎడిటింగులో రెడ్ ఛానల్ ఒక్కటే ఉంచి నలుపు తెలుపు చేస్తే నిలబడుతుంది. పౌర్ణమికి అటూ ఇటూ రోజులు చూసుకుంటే, ఎఫ్1.4, షట్టర్ 1/25 దగ్గర చాలా షాట్లకు లైటే అక్కర్లేదు.

అయితే లైటు కన్నా ఎప్పుడు ఎక్కడ నిలబడ్డారన్నదే ముఖ్యం. ఒడ్డెక్కేటప్పుడు, గుంత తవ్వేటప్పుడు కదలిక కంటబడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. అంతవరకు దూరంగా, ఇసుక మీద బోర్లా పడుకోండి. కెమెరా వెనక తెర కూడా లైటే, దాన్ని ఆపేసి వ్యూఫైండర్‌లోనే చూడండి. రికార్డింగ్ చుక్క మీద నల్ల టేపు వేయండి, ఆటోఫోకస్ దీపం ఆపండి.

వెనక రెక్కలతో దోసెడు దోసెడు ఇసుక తీసి అడుగున్నర లోతు గుంత చేస్తుంది, మూతి సన్నం, కింద వెడల్పు, కుండలాగా. తవ్వడం ఆగి గుడ్లు పడటం మొదలయ్యాకే వెనక నుంచి పాక్కుంటూ దగ్గరికి వెళ్లొచ్చు. వంద పైచిలుకు పెడుతుంది. పూడ్చాక ఒంటిని అటూ ఇటూ ఊపుతూ దిమ్మిస కొట్టినట్టు పొట్టతో ఇసుకను గట్టిపరుస్తుంది. ఆ ధబ్ ధబ్ చప్పుడు వదులుకోవద్దు. ఇదంతా గంటలోపే అయిపోతుంది, లెన్సు మార్చే వ్యవధి ఉండదు.

కాగితాలపని
అనుమతికి ముందు డివిజనల్ అటవీ అధికారి కార్యాలయంలో అడగండి. కోరింగ పరిధిలోని హోప్ ఐలాండ్ లాంటి అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. బయటి తీరమే కదా అని ధీమా పడొద్దు. ఈ తాబేలు షెడ్యూల్ 1 జంతువు, అంటే ఆ చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోది, గుడ్లనూ గూటినీ కదిలించడం ఆ చట్టం దృష్టిలో వేటే. గుడ్లు తరలించే షాటులో కనిపించే చేతులు అధికారం ఉన్న గస్తీ వాళ్లవే కావాలి. ‘ఒక్క నిమిషం ఆగు బాబూ, ఫోకస్ పోయింది’ అనడానికీ లేదు. పెట్టిన కొద్ది గంటల్లోనే, పక్కకు తిరగకుండా గుడ్లను కొత్త గుంతలో చేర్చాలి. ఆలస్యమైతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరిగితే చచ్చిపోతుంది.

మూడోచూపు
పగటి సీను పెట్టించుకోకండి. బయటికొచ్చిన పిల్లకు మిగిలిన పచ్చసొన బలమే ఆధారం. ఆ ఊపులోనే అలలు దాటి ఒక రోజంతా ఈదాలి. మీ వెలుతురు కోసం తొట్టిలో ఆపితే ఆ బలం తొట్టి గోడలు గోకడంలోనే అయిపోతుంది. ఎండెక్కాక ఇసుక కాలుతుంది, కాకులూ గద్దలూ దిగుతాయి. రెండో టేకు కోసం ఏరి వెనక్కి తెచ్చేవాళ్లను ఏమనాలో మీకే వదిలేస్తున్నా. డిస్నీ వారి 1958 నాటి ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగులను (ఎలుకల్లాంటి చిన్న జంతువులు) మనుషులే తోసి, మూకుమ్మడి ఆత్మహత్యగా చూపించారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ అబద్ధాన్ని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మార్గం ఉంది. హేచరీలో ప్రతి గూటి దగ్గరా తేదీ రాసిన పలక ఉంటుంది. 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. 45 దాటిన నాలుగైదు గూళ్లు ఎంచుకోండి. పిల్లలు పైకొచ్చే ముందు ఇసుక మధ్యలో చిన్న సొట్ట పడుతుంది. ఇసుక చల్లబడ్డాకే, ఎక్కువగా రాత్రీ తెల్లవారుజామునా బయటికొస్తాయి. సూర్యోదయానికి ముందు వచ్చే నీలి వెలుగు చాలు. కెమెరాను పక్కన ఇసుకకు ఆనించి పెట్టండి, పిల్లలకూ సముద్రానికీ మధ్య ఎవరూ ఉండొద్దు. మీ అడుగుజాడలు చదును చేయడం మరవద్దు, బొటనవేలంత పిల్లకు మడమ గుంత బావిలాంటిది.

వలకట్టు
హేచరీ చూపించి ఆపేస్తే సగం కథే. ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాల సంగతీ ఉండాలి. తాబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాల్ వలలో చిక్కితే మునిగి చస్తుంది. వల గొంతులో ఇనుప ఊచల చట్రం, అంటే టెడ్, పెడితే తాబేలు పైనుంచి తప్పించుకుంటుంది. చేప కూడా పోతుందని బోటు వాళ్ల ఫిర్యాదు, అదీ వినిపించండి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. తాబేళ్లేమో జనవరి నుంచే వస్తాయి. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెడితే వ్యాఖ్యానం పెద్దగా అక్కర్లేదు. కుళ్లిన కళేబరం చూపించి ‘ట్రాలరే చంపింది’ అని మాత్రం చెప్పకండి, పోస్టుమార్టం లేకుండా కారణం తేలదు.

ఇంకో మాట. భక్తి కోణం కోసం శ్రీకూర్మం వెళ్తారేమో, ఆ గుడిలోవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద బతికేవి. వాటి షాటు నుంచి నేరుగా సముద్రానికి కట్ చేస్తే రెండూ ఒకటే అనుకుంటారు.

నల్లరేగడి
చాలా ఉపయోగం అండీ. అలల హోరులో గస్తీ వాళ్ల మాటలు వినపడతాయా?

ఉప్పుగాలి
షాట్‌గన్ మైకుతో కష్టం. కాలర్ మైకు చొక్కా లోపల పెట్టి, పైన బొచ్చు తొడుగు వేయండి. పెద్ద ఇంటర్వ్యూలు సరుగుడు తోటల వెనక తీయండి, హోరు బాగా తగ్గుతుంది. ఉత్త అలల శబ్దం రెండు నిమిషాలు విడిగా రికార్డు చేసుకుంటే కట్‌ల మధ్య అతకడానికి పనికొస్తుంది. తిరిగొచ్చాక ఇసుకను ముందు బ్లోయరుతో ఊదాకే తడిగుడ్డతో ఉప్పు తుడవండి. వరస తప్పితే లెన్సు మీద గీతలే.