విడాల్‌లో 1:80 వస్తే టైఫాయిడ్ అనేయొచ్చా?

బ్రాడీపేట_పాఠకుడు:
బెజవాడైనా గుంటూరైనా నాలుగు రోజులు జ్వరం దిగకపోతే మన నోట వచ్చే మొదటి మాట టైఫాయిడ్. టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష విడాల్ కాగితంలో టీఓ 1:80 కనబడితే ఇక తిరుగులేదు. ఆ ఒక్క కాగితంతో ఆ పేరు పెట్టడం సబబేనా?

కృష్ణలంక_ల్యాబ్:
సబబు కాదండి. విడాల్ చూపించేది సాల్మొనెల్లా టైఫీ క్రిమిని కాదు, దాని మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని. టీఓ అంటే క్రిమి ఒంటి మీద, టీహెచ్ అంటే దాని తోక మీద తయారైనవి. 1:80 అంటే 80 రెట్లు పలచన చేసినా అవి కనబడ్డాయని. ఆ క్రిమి తిరిగే ఊళ్ళలో ఏ జబ్బూ లేనివాళ్ళకీ 1:40, 1:80 వస్తుంటుంది. టీహెచ్ అయితే జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి దిగదు. మలేరియా, డెంగీల్లోనూ అంకె పెరగొచ్చు.

పైగా చాలాచోట్ల చేసేది స్లైడ్ పద్ధతి. 80, 40, 20, 10, 5 మైక్రోలీటర్ల సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట) ఒక్కో చుక్క యాంటీజెన్ (చంపిన టైఫీ క్రిముల ద్రావణం) కలిపి, నిమిషంలో గింజల్లా పలుకులు కట్టిందా చూస్తాం. 20 దగ్గర కడితే 1:80, 10 దగ్గర కడితే 1:160. పైపెట్ కాస్త అటూ ఇటూ అయినా ఒక మెట్టు మారిపోతుంది. నిమిషం దాటాక చూస్తే అంచులు ఆరి, లేని పలుకులు కనబడతాయి. ట్యూబ్ పద్ధతి నమ్మకమైనదే గానీ రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాలి. సాయంత్రానికల్లా రిపోర్టు చేతికి రావాలంటే అది కుదరదు.

మందుల_బీరువా:
చెప్పడానికి బాగానే ఉంది. రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే బ్లడ్ కల్చర్ రిపోర్టుకి మూడు నుంచి ఐదు రోజులు. అదీ అసలు టైఫాయిడ్ ఉన్నవాళ్ళలో ఇంచుమించు సగం మందినే పడుతుంది. అప్పటిదాకా 103 జ్వరం ఉన్న మనిషిని ఊరికే కూర్చోబెడతారా? ఇంకో సంగతి: వైరల్ అంటే జ్వరం తగ్గిన పూటే మాత్రలు ఆపేస్తారు, టైఫాయిడ్ అంటే భయంతో కోర్సు పూర్తి చేస్తారు. మూడో వారంలో పేగుకి చిల్లు పడితే జవాబు ఎవరిది?

అరండల్‌పేట_మైక్రో:
వైరల్ అయితే అసలు యాంటీబయాటిక్కే అక్కర్లేదు, ఆపేస్తే నష్టమేంటి?

కల్చర్ సగం మందినే పడుతుందన్నది నిజమే. అందులో మన చేతిలో ఉన్న కారణాలు రెండున్నాయి: రక్తం తక్కువ తీయడం, ముందే మందు వేసేయడం. పెద్దవాళ్ళకి సీసాకి 8 నుంచి 10 మి.లీ. కావాలి. 3 మి.లీ. పోసి క్రిమి దొరకలేదంటే ఎలా? కల్చర్‌కి మంచి అదను మొదటి వారం. అదే వారంలో విడాల్ చాలామందికి నెగటివ్ వస్తుంది. ఎవరినీ కూర్చోబెట్టక్కర్లేదు, రక్తం తీసిన గంటకే మందు మొదలుపెట్టొచ్చు.

మందు సంగతి. సిప్రో, ఓఫ్లాక్సాసిన్‌లకి మన దేశపు టైఫీ చాలావరకు లొంగడం మానేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి అజిత్రోమైసిన్, సెఫిగ్జిమ్, ముదిరితే సెఫ్ట్రియాక్సోన్. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఈలోపే పనిచేయలేదని మందూ డాక్టరూ ఇద్దరూ మారిపోతారు!

అసలు ప్రమాదం వేరే ఉంది. టైఫాయిడ్ అని పేరు పెట్టగానే వెతకడం ఆగిపోతుంది. స్క్రబ్ టైఫస్ చూడండి. కంటికి ఆనని పొదల పురుగు కుట్టి వచ్చేది. చంక, గజ్జ, రొమ్ము కింద, మొలతాడు దగ్గర నల్లటి చెక్కు ఉంటుంది, నొప్పి ఉండదు, బట్ట విప్పి చూస్తే తప్ప దొరకదు, కొందరికి అసలు ఉండదు. దానికి డాక్సీసైక్లిన్ కావాలి. సెఫిగ్జిమ్‌నీ సెఫ్ట్రియాక్సోన్‌నీ అది లెక్కచేయదు. (19వ శతాబ్దం నడిమిదాకా టైఫస్‌నీ టైఫాయిడ్‌నీ డాక్టర్లే కలిపేసేవారు, మనల్ని మరీ తిట్టుకోనక్కర్లేదు.)

బ్రాడీపేట_పాఠకుడు:
మందులయ్యాక మళ్ళీ విడాల్ చేయించి "ఇంకా ఒంట్లో ఉంది" అంటారే, అదో?

కృష్ణలంక_ల్యాబ్:
అర్థం లేని ఖర్చు. తిరగబెట్టడం నిజంగా ఉంది, సాధారణంగా జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకి. అప్పుడు జ్వరం మళ్ళీ వస్తుంది, తేల్చాల్సింది కల్చర్. జ్వరం లేనివాడికి అంకె చూసి మందు పొడిగించడమేంటి?

పటమట_నీళ్ళు:
ఇది రోగికీ డాక్టరుకీ మధ్య విషయమే కాదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు మురుగు కలిసిన కుళాయి నీళ్ళతో అతిసారం ఎలా పాకిందో చూశాం. టైఫాయిడ్ దారీ అదే. ఒకే వీధిలో మూడు కల్చర్లు పాజిటివ్ వస్తే పైపు తవ్వమని గట్టిగా అడగొచ్చు. విడాల్ పాజిటివ్‌లు ముప్పై చూపించినా ఏ ఇంజనీరూ కదలడు, కదలక్కర్లేదు కూడా.

మందుల_బీరువా:
సరే, కల్చర్‌కి ముందు మందు వద్దన్నది ఒప్పుకుంటా. రిపోర్టు వచ్చేదాకా చీటీ మీద ఏం రాయమంటారు?

అరండల్‌పేట_మైక్రో:
"జ్వరం, టైఫాయిడ్ అనుమానం, కల్చర్ పంపాం." ల్యాబు కూడా పాజిటివ్ అని ముద్ర కొట్టకుండా అంకె వేసి, స్లైడో ట్యూబో రాస్తే చాలు.

మందుల_బీరువా:
అనుమానం అని రాసిచ్చిన డాక్టర్ని వదిలేసి, గట్టిగా టైఫాయిడ్ అన్న డాక్టరు దగ్గరికి పోతారండీ మనవాళ్ళు. దానికేమంటారు?